మన ఇంటి రేడియోగ్రామ్ ఏ ఏడాదిది?

(పాత రేడియోలు, రికార్డులు దాచుకున్న కుటుంబాల ముందు నల్లగొండలో ఒక రేడియో మెకానిక్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

వేదిక మీద నా పక్కనున్న ఈ రేడియోగ్రామ్‌ను, అంటే రేడియో, రికార్డు ప్లేయర్ రెండూ కలిసి ఉన్న ఈ చెక్క పెట్టెను మీరంతా లోపలికి వస్తూనే చూశారు. కొందరు దగ్గరికి వచ్చి మూత ఎత్తి చూశారు. ఒక పెద్దాయన పై చెక్కను అరచేత్తో నిమిరి, ‘మా ఇంట్లోనూ ఇలాంటిదే ఉండేది, కొత్త ఇల్లు కట్టుకున్నప్పుడు అమ్మేశాం’ అన్నారు. సూర్యాపేటలో, దేవరకొండలో, భువనగిరిలో, ఎక్కడికి వెళ్లినా ఈ మాట వింటూనే ఉన్నాను. కొందరు తూకానికి ఇచ్చేశారు. కొందరు లోపలి సరంజామా అంతా పీకేసి టీవీ కింద బల్లగా వాడుకున్నారు. ఒక ఇంట్లో రేడియోగ్రామ్ చెప్పుల గూడుగా మారింది. అది చూసిన రోజు నాకు అన్నం సహించలేదు.

ఇంకా అమ్మని వాళ్ల కోసం ఈ రోజు మాట్లాడుతున్నాను.

ఈ పెట్టె మిర్యాలగూడ దగ్గరి ఒక పల్లెలోని ఇంటిది. ఈ ఉదయం ట్రాలీ ఆటోలో, చుట్టూ బొంతలు కట్టి తెచ్చారు. ఆ ఇంటి పెద్దమ్మ ముందు వరుసలో కూర్చున్నారు. పదిహేను రోజుల కిందట ఆమె మనవడు నా దుకాణానికి వచ్చి రెండు ప్రశ్నలు అడిగాడు. ఇది ఏ కంపెనీది? ఏ ఏడాదిది? సెట్టు ముందు భాగంలో కంపెనీ పేరు లేదు. పేరు ఉండాల్సిన చోట మూడు చిన్న రంధ్రాలు మాత్రమే ఉన్నాయి. ఏడాది సంగతి మాత్రం ఇంట్లో అందరి నోటా ఒకటే: ‘సాగర్ ఏడాది కొన్నది’. నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేసింది 1955 డిసెంబర్ 10న. కాబట్టి ఇది 1955 నాటిదని ఆ అబ్బాయి లెక్క కట్టాడు. ఫొటోలు తీసి, ‘మా తాత కొన్న 1955 నాటి స్టీరియో’ అని బంధువులందరికీ పంపాడు.

‘1955’, ‘స్టీరియో’ అనే రెండు మాటలు పక్కపక్కన విన్నప్పుడే ఎక్కడో లెక్క తప్పిందని నాకు అర్థమైంది. ఎందుకో చెబుతాను. అంతకన్నా ముందు మీ అందరికీ ఒక విన్నపం ఉంది.

అటక మీద నుంచి పాత సెట్టు దించగానే మన చెయ్యి మొదట తడిగుడ్డ కోసం వెతుకుతుంది. దయచేసి ఆ గుడ్డను పక్కన పెట్టండి. నేను పని నేర్చుకుంటున్న రోజుల్లో ఒక ఇంట్లో రేడియో స్టేషన్ల అద్దం మీద మసి పట్టి ఉంటే, లోపలి వైపు తడిగుడ్డతో ఒక్కసారి తుడిచాను. గుడ్డ తీసి చూస్తే సిలోన్, మద్రాసు, ఢిల్లీ అన్నీ గుడ్డకు అంటుకుని ఉన్నాయి. అద్దం బోసిగా మిగిలింది. ఆ అక్షరాలను అద్దానికి వెనుక వైపు రంగుతో అచ్చు వేస్తారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ రంగు పట్టు వదులుతుంది. పైన పట్టిన మసి, కింది రంగు కలిసి వచ్చేస్తాయి. ఆ ఇంటాయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నాకు మాత్రం ఆ గుడ్డ ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. అద్దం మీది పేర్లు, లోపలి చెక్క మీద పెన్సిల్ రాతలు, అతికించిన కాగితాలు, దుమ్ము పడిన తీరు, ఇవన్నీ సాక్ష్యాలే. ముందు ఫొటోలు తీయండి, చదవండి, రాసుకోండి. తుడవడం ఆ తర్వాత చూసుకోవచ్చు.

ఇక లెక్క. సెట్టులోని ఏ భాగమైనా చెప్పగలిగేది ఒక్కటే: ‘నేను పుట్టకముందు ఈ సెట్టు లేదు’. 1964లో తయారైన భాగం ఉంటే, అది మొదటి నుంచీ ఉన్నదే అయితే, సెట్టు 1964కు ముందుది కాదు. ఎంత తర్వాతదో ఆ భాగం చెప్పలేదు. దానికి వేరే సాక్షులు కావాలి. ఇలా ఒకవైపు నుంచి ‘ఇంతకు ముందు కాదు’, ఇంకోవైపు నుంచి ‘ఇంతకు తర్వాత కాదు’ అని గిరి దగ్గరికి జరుపుకుంటూ రావాలి. నేను పోయిన ఆదివారం వాళ్ల ఇంట్లో కూర్చుని చేసిన పని ఇదే.

మొదట స్టీరియో సంగతి. ఒకే గాడిలో కుడి, ఎడమ రెండు ధ్వనులనూ చెక్కిన స్టీరియో రికార్డులు బజారులోకి వచ్చింది 1958లో. కాబట్టి మొదటి నుంచీ స్టీరియోగా తయారైన ఏ పెట్టే అంతకు ముందుది కాదు. మా నాయన పెళ్లికి నిజాం కాలంలో కొన్న స్టీరియో అని ఎవరైనా అంటే, పెళ్లి నిజమే కావచ్చు, కొన్న సంగతీ నిజమే కావచ్చు, ఆ కొన్న పెట్టె మాత్రం ఇది కాదు.

అయితే మన ముందున్నది నిజంగా స్టీరియోనేనా? రెండు స్పీకర్లు కనిపిస్తే చాలు స్టీరియో అనుకుంటాం. అది పొరపాటు. ఒకే ధ్వనిని రెండు మూడు స్పీకర్లలో వినిపించే సెట్లు ఎన్నో వచ్చాయి. జర్మనీ సెట్లలో కొన్నింటి మీద ‘3డి’ అని కూడా రాసి ఉంటుంది. అది పక్కలకు బిగించిన స్పీకర్ల గొప్ప చెప్పుకోవడానికి రాసింది, స్టీరియోతో సంబంధం లేదు. ముల్లు ఉండే చేతి కొన దగ్గర చూడండి. ముల్లును పట్టుకునే చిన్న పెట్టెకు వెనుక నాలుగు తీగలు వస్తుంటే స్టీరియో. ముందు వైపు కుడి ఎడమలను సరిచూసే ‘బ్యాలెన్స్’ మీట ఉందేమో చూడండి. ఇందులో నాలుగు తీగలూ ఉన్నాయి, మీటా ఉంది. లోపల ఒకే రకం వాల్వులు, అంటే ధ్వనిని పెంచే గాజు బుడ్లు జతగా, రెండు స్పీకర్లకు రెండు వేర్వేరు ట్రాన్స్‌ఫార్మర్లు ఉన్నాయి. సందేహం లేదు, స్టీరియోనే.

తర్వాత రికార్డు తిరిగే పళ్ళెం దగ్గర వేగాలు మార్చే మీట. దీని మీద 16, 33, 45, 78 అని నాలుగు అంకెలు ఉన్నాయి. 78 మన తాతల నాటి లక్క రికార్డులకు. 33 అంటే నిజానికి నిమిషానికి 33 చుట్లు, ఇంకొక మూడో వంతు. ఎల్‌పీలు అనే ఆ పెద్ద రికార్డులు 1948లో వచ్చాయి, చిన్నవైన 45 మరుసటి ఏడాది వచ్చాయి. 16 అనే వేగం 1950ల నడుమ నుంచి మీటల మీద కనిపిస్తుంది, ఆ తర్వాతి దశాబ్దం దాటాక మెల్లగా మాయమవుతుంది. 1970ల సెట్లలో చాలా వాటికి 33, 45 మాత్రమే ఉంటాయి. ముల్లు పక్కన ఒక చిన్న మీట ఉండి, దాని మీద ఒకవైపు ‘78’, మరోవైపు ‘ఎల్‌పీ’ అని ఉంటే దాన్ని పోగొట్టకండి. లక్క రికార్డు గాడి వెడల్పు, దానికి లావు ముల్లు కావాలి. ఎల్‌పీ గాడికి అందులో మూడో వంతు సన్నని ముల్లు కావాలి. లావు ముల్లుతో ఎల్‌పీని ఒక్కసారి వాయిస్తే చాలు, ఆ రికార్డు పాడవుతుంది.

రికార్డులను ఒకదాని తర్వాత ఒకటి దానంతట అదే మార్చి వాయించే ఈ రికార్డు ఛేంజర్ మీద గారార్డ్ అనే పేరు ఉంది. ఇంగ్లండ్‌లోని స్విండన్ ఊరిలో తయారయ్యేవి. చాలామంది ఈ పేరు చూసి ‘మాది గారార్డ్ కంపెనీ రేడియోగ్రామ్’ అంటారు. బండి చక్రం మీద టైరు కంపెనీ పేరు చదివి బండికి ఆ పేరు పెట్టినట్టు అవుతుంది అది. గారార్డ్, బీఎస్‌ఆర్ వంటి కంపెనీలు ఛేంజర్లు చేసి ఎవరు అడిగితే వాళ్లకు అమ్మేవి. కాబట్టి ఇది కాలం గురించి సాక్ష్యం చెబుతుంది, ఇంటిపేరు గురించి కాదు.

ఇప్పుడు నాకు ఇష్టమైన చోటికి వచ్చాం. వాల్వులు.

గాజు బుడ్డి మీద ఉండే అక్షరాలు అర్థం లేని గుర్తులని అనుకోకండి. ఐరోపా కంపెనీల పద్ధతిలో ప్రతి అక్షరానికీ ఒక అర్థం ఉంది. ఇందులో జతగా ఉన్న వాల్వు పేరు ఈసీఎల్ 86. మొదటి అక్షరం ‘ఈ’ అంటే లోపలి తీగ వేడెక్కడానికి 6.3 వోల్టులు కావాలి. ‘సీ’ అంటే సన్నని ధ్వనిని మొదట కొంత పెంచే ట్రయోడ్ అనే భాగం, ‘ఎల్’ అంటే స్పీకర్‌ను నడిపే పెంటోడ్ అనే భాగం. ఒకే గాజులో రెండు పనులు. అంకెల్లో మొదటిది 8 అంటే అడుగున తొమ్మిది సన్నని కాళ్లు. అదే 4తో మొదలైతే ఎనిమిది సన్నని కాళ్ల పాత రకం, 1940ల చివర, 1950ల మొదటి సగంలో ఎక్కువ. 3తో మొదలైతే లావు కాళ్లు ఎనిమిది, నల్లని అడుగు భాగం. అంటే వెనుక అట్ట తీసి టార్చి వేసి చూస్తే చాలు, ఒక్క వాల్వూ పీకకుండానే సుమారు కాలం తెలుస్తుంది.

మొదటి అక్షరం ‘డీ’ అయితే ఇంకో కథ ఉంది. అవి బ్యాటరీ మీద నడిచే 1.4 వోల్టుల వాల్వులు. మీ ఇంటి పాత రేడియోలో డీకే 96, డీఎల్ 96 వంటివి కనిపిస్తే, దాన్ని కొన్ననాటికి మీ ఊరికి కరెంటు రాలేదని దాదాపు ధైర్యంగా చెప్పవచ్చు. దేవరకొండ వైపు ఒక ఇంట్లో ఆ సంగతి చెప్పినప్పుడు, ఆ ఇంటి పెద్దాయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ఎడ్లబండి మీద పట్నం నుంచి బ్యాటరీ పెట్టె తెచ్చిన రోజును గంటసేపు చెప్పారు. ఆయన పిల్లలు ఆ కథ మొదటిసారి విన్నారు.

ఈసీఎల్ 86 వచ్చింది 1960ల మొదట్లో. వాల్వు మార్చుకోవచ్చు కదా అంటారేమో. వాల్వును మార్చవచ్చు, కానీ దాని కింద ఉన్న గుంటను, ఆ గుంటకు టంకం వేసిన తీగల అమరికను ఎవరూ ఊరికే మార్చరు. ఆ అమరిక ఈసీఎల్ 86 కోసమే వేసినది. అంటే 1955 అనే మాట ఇక్కడితో తేలిపోయింది.

ఇంకా దగ్గరగా చూద్దాం. ఈ రెండు వాల్వులూ ముల్లార్డ్ కంపెనీవి. గాజు అడుగున, వేలితో తడిమితే తగలనంత సన్నగా, రెండు వరుసల్లో బూడిద రంగు అక్షరాలు ఉంటాయి. దీపానికి అడ్డంగా తిప్పితేనే కనిపిస్తాయి. రెండో వరుసలో ‘బీ4ఎఫ్2’ అని ఉంది. ‘బీ’ అంటే బ్లాక్‌బర్న్ ఊరిలోని కర్మాగారం. 4 అంటే ఏడాదిలో చివరి అంకె. ‘ఎఫ్’ ఆరో అక్షరం కాబట్టి ఆరో నెల, జూన్. చివరి 2 అంటే రెండో వారం. చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఏడాదికి చివరి అంకె ఒక్కటే ఇస్తారు. 4 అంటే 1954 కావచ్చు, 1964 కావచ్చు, 1974 కావచ్చు. 1954 నాటికి ఈ రకం వాల్వే పుట్టలేదు. మిగిలినవి రెండు. రెండు వాల్వుల మీదా ఒకే సంకేతం ఉంది కాబట్టి ఇవి ఒకేసారి కొని బిగించిన జత అని నేను నమ్ముతున్నాను.

పక్కనే ఈబీఎఫ్ 89 అనే మరో వాల్వు ఉంది. దాని మీద బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ గుర్తు ఉంది. వాళ్లు రేడియో వాల్వుల తయారీ మొదలుపెట్టింది 1961లో. మిగతా వాల్వుల మీద నల్లటి జిడ్డు దుమ్ము మందంగా పట్టి ఉంటే, దీని మీద పలుచగా ఉంది. మధ్యలో ఎవరో మార్చారు. ఎవరు, ఎప్పుడు? పెట్టె లోపల ఎడమ పక్క చెక్క మీద టార్చి వేశాను. పెన్సిల్‌తో ‘12-6-69, 89’ అని ఉంది. మాకు పని నేర్పిన గురువులు సెట్టు బాగుచేస్తే లోపల తేదీ, మార్చిన భాగం రాసేవారు. మళ్లీ అదే సెట్టు వస్తే ఏం చేశామో గుర్తుండాలని. ఆ మెకానిక్ ఎవరో నాకు తెలియదు. కానీ ఆయన చేతిరాత చూసినప్పుడు నాకు చెయ్యెత్తి దండం పెట్టాలనిపించింది. 1969 జూన్ నాటికి ఈ సెట్టు వాడుకలో ఉంది, అప్పటికే ఒకసారి చెడిపోయింది. ఇక 1974 ప్రసక్తి లేదు. ముల్లార్డ్ సంకేతం 1964దే. గిరి 1964కూ 1969కీ మధ్యకు చేరింది.

ఇక్కడ ఒక పక్కదారి పడతాను, మన్నించండి. నల్లగొండ పట్టణంలోనే ఒక ఇంట్లో అమెరికా నుంచి ఓడలో వచ్చిన పెద్ద స్టీరియో పెట్టె ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి 117 వోల్టులకు తగ్గించి వాడుతున్నారు. ‘అంతా బాగుంది, పాట మాత్రం ఏడుస్తున్నట్టు ఉంది’ అని పిలిచారు. వెళ్లి రికార్డు మీద చిన్న కాగితం ముక్క అతికించి, గడియారం చూస్తూ నిమిషంలో ఎన్ని చుట్లు తిరుగుతుందో లెక్కపెట్టాను. 33 దాటాలి. 28 కూడా నిండలేదు. అమెరికా కరెంటు సెకనుకు 60 సైకిళ్లు, అంటే 60 సార్లు అటూ ఇటూ ఊగుతుంది, మనది 50. పళ్ళెం తిప్పే మోటారు వేగం వోల్టుల మీద ఆధారపడదు, సైకిళ్ల మీద ఆధారపడుతుంది. ఆరులో ఐదు వంతుల వేగం మాత్రమే వస్తుంది. మూడు నిమిషాల పాట మూడు నిమిషాల 36 సెకన్లు పడుతుంది. హార్మోనియం మీద చూస్తే శ్రుతి సుమారు మూడు మెట్లు దిగిపోతుంది. మోటారు ఇరుసుకు ఉన్న చిన్న కప్పీని లేతు మీద కొంచెం లావుగా కొత్తది చేయించి బిగించాం. గాయని గొంతు తిరిగి వచ్చింది.

ఆ సెట్టు వయసు చెప్పడం చాలా తేలిక అయింది. అమెరికా స్పీకర్ల మీద, మీటల వెనుక ఏడు అంకెలు కొట్టి ఉంటాయి. దాని స్పీకర్ మీద 2206815 అని ఉంది. 220 అంటే జెన్సెన్ కంపెనీ, 68 ఏడాది, 15 వారం. 1968 ఏప్రిల్‌లో తయారైన స్పీకర్. 137తో మొదలైతే సీటీఎస్ కంపెనీ, 328 అయితే యూటా. అంకెలు ఆరే ఉంటే ఏడాదికి ఒక్క అంకె ఇచ్చారని అర్థం, అక్కడ మళ్లీ ముల్లార్డ్ చిక్కే. మీ ఇంట్లో అమెరికా సెట్టు ఉంటే వెనుక అట్ట తీసి మొదట ఈ అంకెలనే చూడండి.

మన పెట్టె దగ్గరికి వద్దాం. స్టేషన్ల అద్దం చూడండి. మధ్యతరంగాలు (మీడియం వేవ్) ఒకటి, హ్రస్వతరంగాలు (షార్ట్ వేవ్) రెండు వరుసలు. దీర్ఘతరంగాల (లాంగ్ వేవ్) వరుస లేదు. ఇది ముఖ్యం. ఐరోపా ఇళ్ల కోసం చేసిన సెట్లలో దీర్ఘతరంగాల వరుస ఉంటుంది, హిల్వర్సమ్, లక్సెంబర్గ్ వంటి పేర్లు ఉంటాయి. మన దేశంలో దీర్ఘతరంగాల మీద ప్రసారాలు లేవు. మన వాళ్లకు కావలసింది సిలోన్ రేడియో. అందుకని ఇక్కడి కోసం చేసిన సెట్లలో హ్రస్వతరంగాలకు ఎక్కువ చోటు ఉంటుంది. అంకెల పక్కన ‘కిలోసైకిళ్లు’ అని ఉందా, ‘కిలోహెర్ట్జ్’ అని ఉందా కూడా చూడండి. సైకిళ్లు పాత మాట, హెర్ట్జ్ తర్వాతి మాట. దీని మీద సైకిళ్లే ఉన్నాయి. సిలోన్ అనే పేరు కూడా ఒక ఆనవాలే. ఆ దేశం శ్రీలంకగా మారింది 1972లో.

వెనుక అట్ట లోపలి వైపు ఒక దుకాణం చీటీ అతికించి ఉంది. సగం చెదలు తిన్నాయి. మిగిలిన సగంలో ‘హైదరాబాద్–1’ అని ఉంది. ఆరు అంకెల పిన్ కోడ్ లేదు. పిన్ కోడ్ మన దేశంలో మొదలైంది 1972 ఆగస్టు 15న. చిరునామాలో 500001 ఉంటే ఆ చీటీ 1972కు ముందుది కాదు. ఉత్త ‘1’ ఉంటే బహుశా ముందుదే. ఇంకా పాత చీటీల మీద ‘హైదరాబాద్ దక్కన్’ అని ఉంటుంది.

బిల్లులు దొరికితే అవి బంగారం. మా ప్రాంతంలో పాత బిల్లు చేతికి వస్తే నేను మొదట చూసేది డబ్బును. అణాల్లో ఉంటే సాధారణంగా 1957 ఏప్రిల్‌కు ముందుది. నయా పైసలు ఉంటే ఆ తర్వాత కొన్నేళ్లది. మొత్తం పక్కన ‘హాలీ’ అనో ‘ఉస్మానియా సిక్కా’ అనో ఉంటే నిజాం రూపాయి. ‘కల్దార్’ అని ఉంటే ఇంగ్లీషు వాళ్ల రూపాయి. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్‌కు సమానం. పాత రేడియో ధర చూసి ‘అబ్బో అంతా?’ అనుకునే ముందు అది ఏ రూపాయో చూడాలి.

ఇప్పుడు ఇంటిపేరు. మనవడికి ఎంతో ఆశ ఉండింది, మర్ఫీయో ఫిలిప్సో హెచ్‌ఎంవీయో అని చెబుతానని. నేను ఆ మూడు రంధ్రాల దగ్గర చాలాసేపు ఆగాను. రంధ్రాల చుట్టూ చెక్క రంగు ముదురుగా, కోలగా మిగిలింది. ఎండ తగలకుండా ఏదో రేకు చాలా ఏళ్లు దాన్ని కాపాడింది. నాకు తెలిసిన ఏ కంపెనీ బిళ్ల ఆకారమూ దానికి సరిపోలేదు. తర్వాత ఛేంజర్‌ను పైకెత్తి కింద పలకను చూశాను. కంపెనీ సెట్లలో ఆ పలకకు కోసిన రంధ్రం అచ్చు గుద్దినట్టు ఉంటుంది. ఇక్కడ చేతి రంపం వంకరలు కనిపించాయి, ఒక మూల రెండోసారి కోసి సరిచేసిన గుర్తు ఉంది. లోపలి టేకు చెక్క మీద చిత్రిక పట్టిన అలలు వేలికి తగిలాయి. వెనుక అంచు మీద వడ్రంగి పెన్సిల్‌తో కొలతలు ఉర్దూ అంకెల్లో రాసుకున్నాడు. వాల్వులు, ట్రాన్స్‌ఫార్మర్లు బిగించే ఛాసిస్ రేకు మీద కంపెనీ అచ్చు అంకె లేదు. వాల్వుల పేర్లు చేత్తో రాసి ఉన్నాయి.

ఇది కంపెనీ సెట్టు కాదు. హైదరాబాద్‌లో ఒక రేడియో దుకాణం వాళ్లు ఇంగ్లండ్ ఛేంజర్, విడిగా కొన్న వాల్వులు, స్పీకర్లు తెచ్చి, ఛాసిస్ తామే కట్టి, పెట్టెను వడ్రంగితో చేయించి అమ్మినది. ఆ కోల రేకు దుకాణం పేరున్న ఇత్తడి బిళ్ల అయి ఉంటుంది. ఆ రోజుల్లో ఇలాంటి సెట్లు చాలా తయారయ్యాయి. వీటికి మోడల్ అంకె ఉండదు, ఏ పట్టికలోనూ కనిపించవు. అందుకే వీటిని ఎవరూ పట్టించుకోరు, ముందుగా పారేస్తారు. నా మట్టుకు నేను పేరున్న పది సెట్ల కన్నా దీన్నే ఎక్కువగా చూసుకుంటాను. పేరున్న సెట్టుకు వేల జతలు ఉంటాయి. ఆ వడ్రంగి మూల తప్పి మళ్లీ కోసిన పలక ఇదొక్కటే.

మనవడి ముఖం కొంచెం చిన్నబోయింది. అప్పుడు నేను, ‘ఇంట్లో రేడియో లైసెన్సు పుస్తకం ఏమైనా ఉందా?’ అని అడిగాను.

చిన్నవాళ్లకు ఇది తెలియదు. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం రేడియో పెట్టుకోవాలంటే లైసెన్సు ఉండాలి. 1980ల నడుమ వరకు ఈ పద్ధతి ఉండేది. పోస్టాఫీసుకు వెళ్లి ఏడాదికోసారి రుసుము కట్టాలి. చిన్న పుస్తకంలో ముద్ర వేస్తారు. సెట్టు వివరాలు మొదటి పేజీలో ఉంటాయి. పోస్టాఫీసు ముద్రలో ఊరు, తేదీ ఉంటాయి. రేడియో వయసుకు ఇంతకన్నా గట్టి సాక్ష్యం నేను చూడలేదు. ఇళ్లలో చాలామంది దీన్ని పాత రసీదు అనుకుని చించేస్తారు.

మనవడికి ఆ మాటే తెలియదు. పెద్దమ్మ మాత్రం లేచి లోపలికి వెళ్లి, ఇనుప పెట్టెలో భూమి కాగితాల కట్ట విప్పి, అందులోంచి ఆ పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టారు. తయారీదారు అనే చోట ‘అసెంబుల్డ్’ అని ఉంది. మొదటి ముద్ర 1967 నవంబర్‌ది.

1964 వాల్వులు 1967 సెట్టులో ఎందుకు ఉన్నాయని అడగవచ్చు. ఇంగ్లండ్ నుంచి సరుకు రావాలి, బొంబాయిలోనో హైదరాబాద్‌లోనో గిడ్డంగిలో ఉండాలి, దుకాణం వాడు కొనాలి. రెండు మూడేళ్లు పెద్ద విషయం కాదు.

మరి సాగర్ ఏడాది? మనవడు, ‘నాయనమ్మా, నువ్వే కదా సాగర్ శంకుస్థాపన ఏడాది అన్నావు’ అన్నాడు. పెద్దమ్మ, ‘శంకుస్థాపన అని నేను ఎప్పుడన్నాను? కాలువకు నీళ్లు వదిలిన ఏడాది అన్నాను’ అన్నారు. ఇందిరాగాంధీ నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలింది 1967 ఆగస్టు 4న. మూడు నెలలకు ఈ పెట్టె ఇంటికి వచ్చింది. ఆమె చెప్పిన మాట యాభై ఏళ్లకు పైగా సరిగ్గానే ఉంది. మధ్యలో ‘సాగర్ ఏడాది’ అని కురచ చేసుకున్నది, దాన్ని 1955 అని లెక్కకట్టింది తర్వాతి తరం వాళ్లు. అందుకే నేను ఎవరి ఇంటికి వెళ్లినా సెట్టు విప్పకముందు ఇంట్లో పెద్దవాళ్లను అడుగుతాను, విప్పిన తర్వాత మళ్లీ అడుగుతాను. రెండోసారి చెప్పేటప్పుడు కొత్త సంగతులు వస్తాయి.

ఇంటికి వెళ్లాక ఉత్సాహం కొద్దీ ఎవరూ ప్లగ్గు పెట్టకండి. ఏళ్ల తరబడి పడి ఉన్న సెట్టులో మైనపు కాగితం కెపాసిటర్లు చెడిపోయి ఉంటాయి. ఒక్కసారి కరెంటు ఇస్తే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది, దానికి జోడీ దొరకదు. వాల్వు పేర్లు ‘యూ’తో మొదలైతే ఇంకా జాగ్రత్త. ఆ సెట్లలో లోపలి రేకుకే నేరుగా కరెంటు వస్తుంది, ముట్టుకుంటే ప్రాణాపాయం. తెలిసిన మెకానిక్‌ను పిలవండి, కరెంటు దారిలో సెట్టుకు వరుసగా ఒక బల్బు పెట్టి మెల్లగా పరీక్ష చేయమనండి. వెనుక ఉన్న వోల్టేజీ మీట ఏ అంకె మీద ఉందో కూడా చూసుకోమనండి.

ఇప్పుడు వెనుక అట్ట తీస్తాను. నాలుగే మరలు, రెండు నిమిషాల పని. ఐదుగురేసి రండి. ముందు పెద్దమ్మకు కుర్చీ ఇటు జరపండి, ఆమె కూడా లోపల ఎప్పుడూ చూడలేదట. టార్చి నా దగ్గర ఉంది. పెన్సిల్ రాత ఎడమ పక్కన, స్పీకర్ వెనుక, కింది నుంచి జానెడు ఎత్తులో ఉంది. దాని మీద దుమ్ము అలాగే ఉంచాను. చేతులు వెనక్కి కట్టుకుని, ఊపిరి కూడా మెల్లగా వదులుతూ చూడండి.